పత్తిగుట్టలో మా అమ్మాయి

నాది పెద్ద గొంతు. చేలో ఈ గట్టున నిలబడి కేకేస్తే ఆ గట్టున ఉన్న కూలీలు తలెత్తి చూస్తారు. మా ఊళ్లో అదేమీ తప్పు కాదు. నెమ్మదిగా మాట్లాడేవాణ్నే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఆటిజం ఉన్న మా ఎనిమిదేళ్ల అమ్మాయికి మాత్రం పెద్ద చప్పుడంటే పడదు. ఇంట్లో గొంతు తగ్గించుకోమని గుంటూరులో డాక్టరు గారు నాకు రెండుసార్లు చెప్పారు. సరేనండి అన్నాను, అదీ గట్టిగానే.

చప్పుడు ఎక్కువైనప్పుడల్లా అది పత్తి నిలవ చేసిన గదిలోకి పోయి, ఆ గుట్టలో మెడదాకా కూరుకుని పడుకునేది. ఒంటి మీద బరువుంటే దానికి నెమ్మదిగా ఉంటుందట. నేను నవ్వి ఊరుకునేవాణ్ని.

పోయినేడు పత్తి అమ్మిన రోజు పొద్దున్నే లారీ వచ్చింది. వాకిట్లోకి వెనక్కి తీస్తూ డ్రైవరు హారన్ కొట్టాడు. కాసేపటికి చూస్తే పిల్ల లేదు. నా భార్య కూలీలకు టీ పెడుతోంది, తన దగ్గరా లేదు. ముందు నాకు ఊరి పక్కనున్న సాగర్ కాలువ గుర్తొచ్చింది. అటు పరుగెత్తబోతూ పత్తిగది గడప దగ్గర దాని చెప్పు ఒకటి చూశాను.

లోపల ఇద్దరు కూలీలు గుట్ట మీద నిలబడి పత్తిని కిందికి తోస్తున్నారు. కింద ఇంకొకడు పెద్ద గోతం సంచిలోకి దిగి, వేసిన పత్తిని వేసినట్టు తొక్కుతున్నాడు. పిల్లను ఎవరూ చూడలేదన్నారు. ఆ తొక్కే కాళ్లను చూసేసరికి పిల్ల వాటి కిందే ఉందేమోననిపించింది. అందర్నీ దిగమని, దాని పేరు పెట్టి అరిచాను. నన్ను చూసి కూలీలూ అరిచారు. మూలగోడ వైపు పత్తి కాస్త కదిలింది. ఆశపుట్టి ఇంకా గట్టిగా పిలిచాను. కదిలిన చోట పైనున్న పత్తంతా జారిపడి పూడుకుపోయింది.

నా భార్య పరుగెత్తుకొచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అరవకండి. మీరు అరిచేకొద్దీ అది ఇంకా లోపలికి పోద్ది."

అంత భయంలో నోరు మూసుకోవడం నాకు చేతకాని పని. పళ్లు బిగబట్టాను. కూలీలు బయటికి వెళ్లారు, డ్రైవరు ఇంజను ఆపాడు. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని చేతులతో పత్తి లాగాం. తీసినకొద్దీ పైనుంచి జారుతూనే ఉంది. దానికి ఊపిరి ఆడుతోందో లేదో తెలియదు, పిలిచి అడగడానికి లేదు. నా బిడ్డ చచ్చిపోయిందనే అనుకున్నాను. అంతలో నా భార్య చేతికి పాదం తగిలింది. వెచ్చగానే ఉందని నాకు సైగ చేసింది.

బయటికి లాగేసరికి దాని ముక్కు నిండా, నోటి నిండా పత్తి పీచు. రెండుసార్లు దగ్గి, ఊపిరి తీసుకుంది. నా భార్య దాన్ని గట్టిగా వాటేసుకుని కదలకుండా కూర్చుంది. నాకు ఏడుపు ఆగలేదు. బుజ్జమ్మా అని ఒక్కసారి అందామని దగ్గరికి వంగి నోరు తెరిచాను. నాకు మాట పెగలకముందే దాని రెండు చేతులూ చెవుల మీదికి వెళ్లాయి.