కాటన్ చాలన్నాను

మొన్న చలికాలపు సైక్లింగ్ ప్యాంటు ప్యాకెట్ విప్పగానే, తడి లోపలికి దిగకుండా గుడ్డకు వేసే పూత వాసన, కొత్త రెయిన్‌కోటుదీ సైకిల్ ట్యూబుదీ కలిసినట్టుండే ఆ వాసన, గుప్పున ముక్కుకు తగిలింది. ఆఫీస్‌కి సైకిల్ మీద వెళ్తాను కాబట్టి రెండు మూడేళ్లకోసారి ఇలాంటిది కొనక తప్పదు. కొన్న ప్రతిసారీ, అమెరికాలోని ట్రాయ్‌లో నేను ఏడో క్లాసు చదివిన ఏడాది గుర్తొస్తుంది.

ఆ ఆగస్టులో మా కింది అపార్ట్‌మెంట్‌లోకి కరీంనగర్ నుంచి లావణ్య వాళ్లు వచ్చారు. స్కూలు దగ్గరని బస్సు రాదు, నాన్నలిద్దరూ పొద్దున్నే కార్ల కంపెనీకి వెళ్లిపోతారు, అమ్మలకి డ్రైవింగ్ రాదు. అందుకని ఇద్దరం సైకిళ్ల మీద వెళ్లేవాళ్లం. తడిసిన మేపుల్ ఆకుల మీద టైర్లు జారుతూ, గుమ్మాల ముందు కుళ్లుతున్న హాలోవీన్ గుమ్మడికాయల వాసన పీలుస్తూ, పందెం వేసుకుని ఇల్లు చేరేసరికి లావణ్య వాళ్లమ్మ, ఆంటీ, నువ్వులేసిన సర్వపిండి కాల్చి ఉంచేది. మొదటి ముక్క నాకే పెట్టేది.

నవంబర్‌లో ఒక శనివారం వాళ్లు చలికాలం బట్టల షాపుకి వెళ్తూ, ఇక్కడే పుట్టిన పిల్లనని నన్ను వెంట తీసుకెళ్లారు. అంకుల్ కార్లోనే ఉండిపోయారు, లావణ్య బూట్లు చూసుకుంటోంది.

“ఇంగ్లీషుల ఏం రాసిండ్రో నాకు తెల్వది బిడ్డా. నీళ్లు లోపలికి పోవద్దు, ఎచ్చగుండాలె. నువ్వే చూసి చెప్పు,” అంది ఆంటీ.

ఆవిడ చేతిలో ఉన్నది సరిగ్గా అలాంటి ప్యాంటే. నల్లటిది, లోపల ఉన్నిలాంటి మెత్తటి ఫ్లీస్, పైన నీళ్లు నిలవని గుడ్డ, బూట్ల మీదుగా వేసుకోవడానికి మోకాలిదాకా జిప్. నాదీ లావణ్యదీ ఒకటే సైజు. ఆ సైజులో అదొక్కటే మిగిలింది.

“అది స్కీయింగ్‌కి ఆంటీ. సైకిల్‌కి కాటన్ చాలు,” అని బూడిదరంగు స్వెట్‌ప్యాంట్లు రెండు తీసి ఇచ్చాను. ఆవిడ నా తల నిమిరి, నల్లదాన్ని తిరిగి తగిలించేసింది. మర్నాడు మా నాన్నని తీసుకెళ్లి దాన్ని నేను కొనిపించుకున్నాను.

సోమవారం లావణ్య నన్ను కిందనుంచి పైదాకా చూసింది. “గిది స్కీయింగ్‌దన్నవంట గదా?”

“మా నాన్న తెలియక కొనేశాడు,” అన్నాను.

జనవరిలో ఒక పొద్దున, గాలి మొహం కోసేస్తుంటే, పక్కనుంచి దూసుకెళ్లిన ఒక ట్రక్కు రోడ్డు మీది ఉప్పు కలిసిన మంచు బురదని మా ఇద్దరి మీదా నడుం దాకా చిమ్మింది. నా మీద పడింది జారిపోయింది. లావణ్య కాటన్ అంతా పీల్చుకుంది, కాసేపటికే అట్టలా బిగుసుకుంది. వెనకనుంచి “ఆగవా, కాళ్లు తెలుస్తలేవ్” అని రెండుసార్లు పిలిచింది. లేటవుతుందని నేను ఆగలేదు.

నేను చేరిన చాలాసేపటికి సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. స్కూలు హాల్‌వేలో మంచు కరిగి ఆమె కాళ్ల చుట్టూ నీళ్లు కారుతుంటే, ఉచ్చ పోసుకుందా అని ఎవరో అడిగారు. అందరికంటే ముందు నేనే నవ్వాను. తర్వాత నర్సు ఆ ప్యాంటు కత్తెరతో కోసి తీసింది. తొడల మీద చర్మం తెల్లబడి, సాయంత్రానికి బొబ్బలెక్కింది.

చూడ్డానికి వెళ్తే సోఫాలో పడుకున్న లావణ్య గోడవైపు తిరిగింది. “ఎవలనన్న అడుగకపోయినవా?” అని అంకుల్ ఆంటీ మీద అరుస్తున్నారు. అడిగానని ఆవిడ అనలేదు. గుమ్మం దాకా నాతో వచ్చి, చేతిలో అల్యూమినియం రేకులో చుట్టిన సర్వపిండి పెట్టి, మెల్లగా అంది: “నీకు తెల్వక చెప్పినవ్ తియ్. మనసుల పెట్టుకోకు బిడ్డా.”

నిజం కూతురు తల్లికి చెప్పలేదన్నమాట. నేనూ చెప్పలేదు. మెట్ల మీద కూచుని, వేడి చల్లారకముందే ఆ సర్వపిండి మొత్తం తినేశాను.

లావణ్య మళ్లీ నాతో మాట్లాడలేదు, సైకిలెక్కలేదు. బొబ్బలు మానినచోట నల్లటి మచ్చలు మిగిలాయి. జూన్‌లో అంకుల్‌కి ఉద్యోగం మారి టెక్సాస్ వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ షాపు లేదు, ఆ అపార్ట్‌మెంట్లు కూలగొట్టారు. ఆవిడని వెతుకుదామంటే పేరు తెలియదు. నాకు ఆంటీ, మా అమ్మకి లావణ్య వాళ్లమ్మ, అంతే. బతికుంటే, ఎక్కడో ఆవిడ నన్ను ఇంకా మంచిపిల్లననే అనుకుంటూ ఉంటుంది.