కాంపౌండరుగారు తిట్టని ఏడాది

కడుపుతో ఉన్న ఆడమనిషి కనిపిస్తే చాలు, పశువుల ఆసుపత్రి కాంపౌండరుగారు తగువు పెట్టుకునేవారు. మిగతా లోకంతో ఆయనకి ఏ పేచీ లేదు. ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమాపణ చెప్పుకునే రకం. మేకకి సూది వేసేముందు కూడా "కొంచెం ఓర్చుకో తల్లీ" అనేవారు. కానీ ఏ ఇంటి పిల్లకైనా వాంతులు మొదలయ్యాయో, ఆ నోటికి పట్టపగ్గాలుండేవి కావు.

దర్జీ కూతురు బకెట్టు పట్టుకుని మేకల పాకలోకి వస్తుంటే, "ఏమిటా నడక? నీ అడుగుల చప్పుడుకి మేకలు పాలు చేపడం మానేశాయి, అవతలికి పో" అన్నారు. దర్జీ గజంబద్ద పట్టుకుని ఆయన మీదికొచ్చాడు. రొట్టెల కొట్టువాడి భార్యని "నీ మొహం చూసి పొట్టేలు మేత మానేసింది" అన్నారు. ఆమె ఏడుస్తూ పుట్టింటికి పోయి, పురుడయ్యాకే తిరిగొచ్చింది.

పోనుపోను ఆ తిట్లకి వీధిలో విలువ పెరిగింది. ఎవరికైనా నెల తప్పిందంటే, "కాంపౌండరుగారు తిట్టారా?" అని అడిగేవారు. తిడితే ఖాయమన్నమాట. ఇంత పాడుబుద్ధి ఎందుకయ్యా అంటే, "పిల్లల్లేనివాడు కదా, కుళ్ళు" అని సరిపెట్టుకునేవారు.

మేకలవాళ్ళింటి చిన్నకోడలికి కిందటేడు కడుపు నిలబడినప్పుడు మాత్రం ఆయన ఒక్క మాట అనలేదు. అసలు ఆ వీధిలోకే రాలేదు. "నీది ఉత్త అజీర్ణమేమోనే" అని తోడికోడలు వేళాకోళమాడింది కూడా. అజీర్ణం కాదు. ఐదో నెలలో బిడ్డ పోయింది. ఆ రోజుల్లోనే పాకలో మేకలు కూడా ఈసుకుపోయాయి, నెలలు నిండని పిల్లల్ని గడ్డిలో పడేశాయి. రెండూ ఒకే రోగం చేసిన పని కావచ్చని ఇంట్లో ఎవరికీ తోచలేదు. "రాసిపెట్టి లేదు" అంది అత్తయ్య. ఒళ్ళు తేరుకోగానే చిన్నకోడలు మళ్ళీ పాకలోకి వెళ్ళింది.

వెళ్ళక తప్పదు. అడ్డం తిరిగిన మేకపిల్లని లోపల సర్ది బయటికి తీయగలిగినంత సన్నని చెయ్యి ఆ ఇంట్లో ఆమె ఒక్కదానిదే. తరవాత పశువుల డాక్టరు వచ్చి మేకల రక్తాలు పరీక్ష చేయించి, రోగం ఉన్నవాటిని వ్యాను ఎక్కించి చంపడానికి పంపేశాడు. అత్తయ్య వీధి చివరిదాకా ఆ వ్యాను వెనకే నడిచింది.

"మిగిలినవాటికీ అంటి ఉండొచ్చు. పచ్చిపాలు తాగొద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు ఈనే మేక దగ్గరికి పోవద్దు, మాయ ముట్టుకోవద్దు" అన్నాడు డాక్టరు.

"మేమంతా ఆ పాకలో పనిచేస్తూనే కన్నాం బాబూ" అంది అత్తయ్య. ఎందరిని కన్నదీ చెప్పేది, ఎందరు దక్కకుండా పోయారో చెప్పేది కాదు.

ఈ ఏడు చిన్నకోడలికి మళ్ళీ నెల తప్పింది. మేకలు ఈనే కాలం దగ్గరపడుతోంది. భయంతో ఆమెకి ముద్ద దిగడం లేదు. పాకలోకి రానంటే పని ఎగ్గొడుతోందంటారు, వెళితే బిడ్డ దక్కుతుందో లేదో. సరిగ్గా అప్పుడు వచ్చారు కాంపౌండరుగారు. మనిషి చిక్కి సగమయ్యారు, కీళ్ళనొప్పులతో కుంటుతున్నారు. గొంతు మాత్రం ఏమీ తగ్గలేదు. గుమ్మంలో నిలబడి, వీధిలో నలుగురూ పోగయ్యేదాకా ఆగి మొదలుపెట్టారు.

"అమ్మా, మీ మేకపిల్లలు ఎందుకు చస్తున్నాయో తెలిసింది. అంతా మీ చిన్నకోడలి చేతి మహిమ. అది చెయ్యా, గేదె డెక్కా?"

అత్తయ్య చేతిలో తట్ట జారిపోయింది. "ఎవరి చెయ్యి? మా కోడలి చెయ్యా?"

"డెక్కే. ఆ డెక్క పెట్టి పొడిస్తే ఏ మేక బతుకుతుంది?"

"మా కోడలు ఇంకోసారి ఆ పాకలో కాలు పెడితే నన్నడగండి. ఆ పురుళ్ళేవో మీరే వచ్చి పోయండి."

"పోస్తాను."

పోశారు కూడా. ఏ మేక నొప్పులు పడుతున్నా, మోచేతులు దాటేలా రబ్బరు తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, దారిపొడుగునా చిన్నకోడలిని తిట్టుకుంటూ వచ్చేవారు. చచ్చిన పిల్లల్నీ మాయల్నీ పాక వెనక తవ్వించిన లోతు గోతిలో వేసి సున్నం చల్లి పూడ్చేవారు. ఆమె అదంతా వంటింటి కిటికీలోంచి చూసేది.

ఒక సాయంత్రం పని అయ్యాక ఆయన గోడకి ఆనుకుని కూలబడ్డారు. ఒళ్ళంతా వణుకుతోంది, చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆమె గ్లాసుతో నీళ్ళు పట్టుకుని పెరట్లోకి దిగింది.

"అక్కడే ఆగు. ఈ మట్టి తొక్కకు. గ్లాసు గట్టుమీద పెట్టి పో, డెక్కచేతులదానా."

ఆమె గ్లాసు పెట్టింది గానీ పోలేదు. "కాంపౌండరుగారూ, పోయినసారి నన్నెందుకు తిట్టలేదు?"

ఆయన తొడుగులు విప్పి పక్కన పెట్టారు.

"ఈ పాడు జ్వరమేనమ్మా. మేకల రోగం నాకూ అంటింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతుంది. అప్పుడు ఆసుపత్రిలో పడి ఉన్నాను. రాలేకపోయాను."

"మంచిగా చెప్పొచ్చు కదా?"

"మా ఆవిడకి మంచిగానే చెప్పాను. నవ్వేసి, సాయం చేస్తానంటూ నా వెనకే పాకలోకి వచ్చేది. మాకు ఒక్క బిడ్డా నిలవలేదు. మంచిగా చెబితే 'ఏం కాదులే' అంటారు. తిడితే మాత్రం పరువు పోయిందని ఇంట్లో కూర్చోబెడతారు. ఇక లోపలికి పో. లేకపోతే మీ అత్తగారికి వినపడేలా తిడతాను."

కళ్ళు తుడుచుకుంది ఆమె. "తిట్టండి."

తిట్టారు. మూడిళ్ళ అవతలికి వినపడింది. వంటింట్లో ఆమెకి ఆ తిట్లు వింటూ చాలా రోజుల తరవాత ఆకలి వేసింది.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. కాంపౌండరుగారు చేతులు సబ్బుతో తోముకుని వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డారు. ఆయనతో మాటలు మానేసింది కనుక అత్తయ్య గోడతో చెప్పింది.

"చూడమను, మా మనవరాలి చెయ్యి ఎంత సన్నగా ఉందో."

ఆయన మెడ సాచి ఆ పిడికిలిని చూశారు.

"ఇదీ డెక్కే. పాకలోకి పనికిరాదు."

"పంపేదెవరు?" అంది అత్తయ్య. ఈసారి గోడతో కాదు, ఆయనతోనే.