ఆచారి గారి ఇంగ్లీషు క్యాసెట్లు

2023 వేసవి. నంద్యాలలో ఒక చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. వినికిడి పరీక్షలు చేయడం, చెవి మిషన్లు అమర్చడం నా పని. మిషన్ పెట్టగానే మనవరాలి గొంతు విని కళ్లనీళ్లు పెట్టుకునే వాళ్లను చూసి చూసి, నా పనితనం మీద నాకు కాస్త ఎక్కువ గర్వమే ఉండేది. ఆ గర్వం దిగిపోయిన సంగతి ఇది.

ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఆ పెద్దాయనను ఆచారి గారు అనే పిలుస్తాను. పేషెంటు పూర్తి పేరు రాయడం పద్ధతి కాదు. ఆయన శిల్పి. డెబ్బై దాటినా దిట్టంగా ఉన్నారు. రాళ్లు కోసే మిషన్ల పక్కన బతికినవాళ్లకు వచ్చే చెవుడే ఆయనకూ వచ్చింది. ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినపడుతుందో చూపించే గీతను ఆడియోగ్రామ్ అంటాం. ఆయన గీత సన్నటి శబ్దాల దగ్గరకు వచ్చేసరికి కిందికి జారిపోయింది. వివరాలు రాసుకుంటూ, ఇంకా పని చేస్తున్నారా అని అడిగాను.

“చేయకుంటే ఎట్లమ్మా? విగ్రహం ఎవరన్నా చెక్కనీ, కండ్లు మాత్రం నేనే తెరవాల. మా కార్ఖానాలో మొదట్నుంచీ అదే పద్ధతి,” అన్నారు.

వెంట వచ్చిన కొడుకు మోహన్ తల ఊపాడు. రెండు చెవులకూ మిషన్లు అమర్చి, మాటలు తేటగా వినపడేలా సరిచేసి పంపాను.

రెండు వారాలకు తండ్రీకొడుకులు మళ్లీ వచ్చారు.

“మాటలు బాగ ఇనపడతాండాయి. పాటలే చెడిపోయినాయమ్మా,” అన్నారు ఆచారి గారు.

“ఏ పాటలు పెద్దాయనా?”

“ఇంగ్లీషు పాటలు.”

నాకు నవ్వు ఆగలేదు. మోహన్ ఇబ్బందిగా కదిలాడు. “ఎనభైల్లో మా మామ కువైట్ నుంచి తెచ్చిన క్యాసెట్లు మేడమ్. రాక్, పాప్, అన్నీ ఉండాయి. ఇప్పటికీ పనికాడ అవే పెడతాడు. పాడేటోళ్ల పేర్లు కూడా తెలీవు ఈయనకు.”

పేర్లు తెలియకపోయినా ఆయనకు క్యాసెట్ల అట్టలు తెలుసు. గుర్రం బొమ్మ ఉన్న ఆల్బమ్‌లో డ్రమ్ములు గట్టివట, బండ మీద మోటు పని చేసేటప్పుడు అది పెట్టాలట. నీలం అట్టది నిదానమట, మొహం చెక్కేటప్పుడు అది తప్ప ఇంకోటి పనికిరాదట. ఒక్క మాటా అర్థం కాని పాటలంటే అంత ఇష్టమేమిటని అడిగాను.

“అర్థమైతే మనసు పాట ఎంబడి పోతాదమ్మా. ఇవైతే నా పని నన్ను చేసుకోనిస్తాయి,” అన్నారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు. “నీలం అట్టదాంట్లో, రెండో పక్క మొదట్లో ఒక రాగం అట్లనే నిలబడతాది. ఇప్పుడు నిలబడడం ల్యా, వణుకుతాంది. కటింగ్ మిషన్ ఆడిస్తే దాని ఎనక ఇంకెవరో పాడినట్టు ఇనపడతాంది.”

చెవి మిషన్ ఎలా పలుకుతోందో మా చెవులతో మేమే వినడానికి స్టెతోక్లిప్ అనే గొట్టం ఉంటుంది. దాన్ని మిషన్‌కు తగిలించి, “ఒకటి, రెండు, మూడు” అని పలికి చూశాను. తేటగా వినపడింది. అంతటితో నా పరీక్ష అయిపోయిందనుకున్నాను. పాట పెట్టి వినాలని తోచలేదు. నిజం చెప్పాలంటే, ఒక ముసలాయన ఇంగ్లీషు పాటల కోసం అంత శ్రమ దండగ అనిపించింది.

మిషన్ తిరిగి ఆయన చెవికి పెట్టి, మోహన్‌ను తలుపు దాకా పిలిచి గొంతు తగ్గించాను. “మిషన్‌లో లోపం లేదు. ఈ వయసులో కొందరికి లేని సంగీతం వినిపిస్తుంది. ఒకసారి కర్నూలు తీసుకెళ్లి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి.”

అతని మొహం పాలిపోయింది. “మతి తప్పుతాందంటారా మేడమ్?”

“చూపిస్తే మంచిది కదా,” అని తప్పించుకున్నాను.

నెల తర్వాత ఆచారి గారు ఒక్కరే బస్సులో వచ్చారు. సంచిలోంచి టేప్‌రికార్డర్ తీసి నా టేబుల్ మీద పెట్టారు.

“ఈసారి నువ్వే ఇనమ్మా.”

ఆయన మిషన్‌కు స్టెతోక్లిప్ తగిలించి చెవుల్లో పెట్టుకున్నాను. నీలం అట్ట క్యాసెట్ తిరిగింది. కీబోర్డు మీద ఒకే స్వరాన్ని నొక్కి పట్టి ఉంచారు. అది నా చెవుల్లో గజగజా వణికింది.

చెవి మిషన్లు ఒక్కోసారి కుయ్యిమని కూస్తాయి. ఆ కూతను పసిగట్టి అణచడానికి లోపల ఫీడ్‌బ్యాక్ క్యాన్సలర్ ఉంటుంది. సాగదీసిన స్వరం వినపడితే దాన్నీ కూతే అనుకుని అది నొక్కబోతుంది, ఆ పెనుగులాటలో స్వరం వణుకుతుంది, ఒక్కోసారి లేని స్వరం కూడా పుడుతుంది. ఎనభైల నాటి ఆ ఆల్బమ్‌ల నిండా అలాంటి స్వరాలే. ఇది మా చదువులో మొదట్లోనే చెప్పే విషయం. పాటల కోసం వేరే ప్రోగ్రామ్ పెట్టి, అందులో ఆ అణచివేతను ఆపేశాను. మిషన్లు తిరిగి ఆయన చెవులకు పెట్టాను.

ఆచారి గారు పాట అయిపోయేదాకా కదల్లేదు. “నిలబడిందమ్మా,” అన్నారు. ఆ వెంటనే, “ఈ మాట మావోనికి చెప్పు. కర్నూల్లో డాక్టరు ఏం లేదన్నా వానికి నమ్మకం కుదరల్యా. కండ్ల పని నన్ను ముట్టుకోనీడం ల్యా,” అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్‌లో చెప్పి చేతులు దులుపుకోలేక, ఆ ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లాను. రాతిపొడి కమ్మిన కార్ఖానాలో పనివాళ్లందరూ వినేలా చెప్పాను. “మీ నాయనకు ఏ జబ్బూ లేదు మోహన్. మిషన్ సరిగా పెట్టనిది నేనే. తప్పు నాది.”

మోహన్ ఉలి తెచ్చి తండ్రి చేతికిచ్చాడు. సగంలో ఆగిన అమ్మవారి విగ్రహం ముందు ఆయన కూర్చున్నారు. ఒక కన్ను మీద కొద్దిగా పని చేసి ఆగారు. వెనక్కి తిరిగి, “సరిగ్గా ఉందా? చూడప్పా,” అన్నారు.

“నన్ను అడుగుతాండావేంది నాయనా? ఎప్పుడన్నా అడిగినావా?” అన్నాడు మోహన్.

నేను పక్కన కూర్చున్నాను. “మోహన్ మీతో ఏమన్నాడో తెలియదు పెద్దాయనా. అది నా నోటి నుంచి వచ్చిన మాట. మనసులో పెట్టుకోకండి.”

“వాడేం అనల్యా తల్లీ. ఆ పొద్దు తలుపు కాడ నువ్వు వానితో చెప్తాంటే నేనే ఇన్నా. గొంతు తగ్గించినా మాటలన్నీ తేటగానే ఇనపడినాయి.”

ఆయన మాటలో నిష్ఠూరం లేదు. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను. ఆ మాటలు అంత తేటగా వినపడేలా చేసింది నేనే. ఇప్పుడు ఏ పేషెంటు గురించి ఏం చెప్పాలన్నా, ఎదురుగా కూర్చుని ఆ మనిషికే చెబుతున్నాను. ఆచారి గారు తిరిగి కళ్లు చెక్కుతున్నారు. చెక్కిన ప్రతిసారీ కొడుకును పిలిచి చూపించుకుంటున్నారట.