సొరుగులోని చిత్తుప్రతులు

“...గందుకే నా కాగితం నాకియ్యుండ్రి సార్. మీ సొరుగుల దానికేం పని?”

“తప్పుల కాగితం తీసుకెళ్ళి ఏం చేసుకుంటారండీ?”

“మీరేం చేస్కుంటున్నరో గదే అడుగుతున్న.”

హెడ్‌క్లర్కు శ్రీరామమూర్తి సొరుగుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

కాగితం అడిగిన గుమాస్తా బాలనర్సింహది హైదరాబాదులో గౌలిపుర. పాలు పోసే ఇంట్లో సర్కారు కొలువుకెక్కిన మొదటివాడు. మెట్రిక్ దాకా ఉర్దూలో చదివాడు. ఇంగ్లీషులో అతని పేచీ అంతా చిన్న మాటలతోనే. ఉర్దూలోనైనా తెలుగులోనైనా ముందు బల్ల అని, తరువాత మీదో కిందో చెప్పుకోవచ్చు. ఇంగ్లీషులో బల్ల పేరెత్తకముందే అది తేల్చుకోవాలి. అతను ‘ఇన్’ అని రాస్తే శ్రీరామమూర్తి ఎర్ర పెన్సిలుతో కొట్టేసి ‘ఆన్’ చేసేవాడు. ‘టు’ రాస్తే ‘ఫర్’. ఉత్తరం టైపయ్యాక చిత్తుప్రతి ఫైల్లో ఉండాలి. బాలనర్సింహవి మాత్రం సొరుగులోకి పోయేవి.

అది పందొమ్మిది వందల డెబ్భై రెండు. నెలాఖరుకు అతని ప్రొబేషన్ పూర్తవుతుంది. పర్మనెంటు చెయ్యవచ్చో లేదో రిపోర్టు రాయవలసింది శ్రీరామమూర్తే.

“నన్ను తీసేయనీకి సబూత్ జమ చేస్తుండు,” అన్నాడు బాలనర్సింహ హోటల్లో అటెండరు కైలాసంతో.

“నువ్వు గా ఇన్ను, ఆన్ను సరిగ రాస్తే సబూతేడికెల్లొస్తది భాయ్?” కైలాసం చాయ్ సాసర్లో పోసుకున్నాడు.

మరునాడు బాలనర్సింహ రికార్డు గదిలో ఒక పాత ఫైలు వెదికి తీశాడు. ఫలక్‌నుమాలో నీళ్ళ పైపు కారడం గురించి విచారణ జరపమని ఎనిమిదేళ్ళనాటి ఉత్తరం. అందులోని వాక్యాన్ని అక్షరం మార్చకుండా తన డ్రాఫ్టులోకి ఎక్కించి శ్రీరామమూర్తి ముందు పెట్టాడు.

ఎర్ర పెన్సిలు ‘అబౌట్’ను కొట్టేసి ‘ఇన్‌టు’ అని రాసింది.

బాలనర్సింహ పాత ఫైలు తెరిచి పక్కన పెట్టాడు. అదే వాక్యం, అదే ‘అబౌట్’. కింద శ్రీరామమూర్తి పొట్టి సంతకం.

శ్రీరామమూర్తి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నా ‘అబౌట్’ను అప్పట్లో ఎవరూ కొట్టెయ్యలేదండీ,” అన్నాడు. కాసేపటికి సొరుగు తాళం తీశాడు. చిత్తుప్రతుల కింద అట్ట ఊడిన వ్యాకరణం పుస్తకం ఉంది. చాలా ఎర్ర దిద్దుబాట్ల పక్కన సన్నగా, నల్ల పెన్సిలుతో ప్రశ్నార్థకం ఉంది.

“రిపోర్టు కోసం కాదు. నాకే నమ్మకం లేనిచోట అలా పెట్టుకుంటాను. మధ్యాహ్నం పుస్తకంలో చూసుకుంటాను.”

బాలనర్సింహ కాగితాలన్నీ ఒక్కొక్కటే తిప్పాడు. ఒక ప్రశ్నార్థకం మీద బొటనవేలితో రుద్ది, వేలు వెలుతురులో చూసుకున్నాడు. ఆ రాత పాతదో, ఇవాళ పెట్టిందో తేలలేదు. కాగితాలు సర్ది, ఫైలు నాడాతో కట్టి చంకలో పెట్టుకున్నాడు.

“ఇవి నా దగ్గరుంటయి సార్. మీరు రిపోర్టు రాసినంక వాపస్ తెస్త.”