వణికే చెయ్యి, నిషేధించిన మాత్ర

నేను సైనికుణ్ణి. రైఫిల్ పోటీల్లో మా యూనిట్ తరఫున కాలుస్తాను. ఆ రోజు ప్రాక్టీసులో నా గుండ్లు టార్గెట్ మీద వడియాలు పెట్టినట్టు చెల్లాచెదురుగా పడ్డాయి. తప్పు రైఫిల్‌దని ఫిర్యాదు చేశాను. కోచ్ అదే రైఫిల్‌తో వరసగా ఒకేచోట కొట్టి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

సెలవుకి కొల్లేటి పక్కన మా ఊరు వచ్చాను. ఎంత తిన్నా ప్యాంటు జారుతోంది, గుండె దడ. అలాగే భీమడోలు పెళ్లిచూపులకి వెళ్లాను. అమ్మాయి టీ తొణక్కుండా తెచ్చింది. నేను అందుకోగానే కప్పూ సాసరూ గలగలమన్నాయి. సగం టీ నా చొక్కా తాగింది.

"మిలిటరీ కోటా బాగానే అందుతున్నట్టుందండీ," అన్నారు వాళ్ల బాబాయిగారు.

నేను మందు ముట్టను. కానీ సెలవుకొస్తే "సీసా ఏదిరా?" అని అడిగే ఊరు మాది. లేదంటే రైల్లోనే ఖాళీ చేశాడనుకుంటారు. ఇంటికొచ్చి అరుగెక్కాక నాన్న, "రేపు ఏలూరు వెళ్దాంరా. తాగుడు మాన్పించే డాక్టరుగారున్నారంట," అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా వెళ్లాను.

డాక్టరుగారు నా చేతులు చాపించి వేళ్ల మీద కాగితం పెట్టారు. ఫ్యాను లేకుండానే అది రెపరెపలాడింది.

"ఏం చేస్తుంటారండీ?"

"సైన్యంలో షూటర్నండీ."

"ఎవరికి తగులుతుందండీ?"

"నాకూ తెలీదండీ."

మెడ తడిమి బ్లడ్ టెస్టులు రాశారు. రిపోర్టు చూసి, "ఏవండీ, మీవాడిది తాగుడు కాదండీ, హైపర్ థైరాయిడిజం," అన్నారు.

"అయితే మానక్కర్లేదాండీ?" అన్నారు నాన్న.

థైరాయిడ్‌కి కార్బిమజోల్, దడకీ వణుకుకీ ప్రొప్రనొలాల్ ఇచ్చారు. కొద్దిరోజులకే చెయ్యి నిలబడింది. నా సంబరం కోచ్‌కి ఫోన్లో ప్రొప్రనొలాల్ పేరు చెప్పేదాకానే. అది బీటా బ్లాకర్. చేతిని నిలబెడుతుంది కనుకే మా ఆటలో నిషేధం. వేసుకుంటే డోపింగు, మానేస్తే డాన్సు. టీమ్ సెలెక్షన్లేమో దగ్గరపడ్డాయి.

"అప్పటిదాకా ఆపొచ్చాండీ?" అని డాక్టరుగారిని అడిగాను.

"గుండె ఈ వేగంతో కొట్టుకుంటుంటేనా? ముందు మనిషి నిలబడాలి కదండీ."

ఆపలేదు. ఆయనే డోసు తగ్గించి చూస్తే వణుకు మళ్లీ వచ్చింది. సెలెక్షన్ రోజున, నా చోటు దక్కినవాడికి చప్పట్లు కొట్టాను. చేతులు వణికినా ఎవరికీ తెలియని పని అదొక్కటే.

ఇప్పుడు ప్రొప్రనొలాల్ ఆగింది, కార్బిమజోల్ సాగుతోంది. ప్రాక్టీసు మళ్లీ మొదలుపెట్టాను. గుండ్లు దగ్గరపడుతున్నాయి, టీమ్ ఇంకా దూరంగానే ఉంది. నాన్న రిపోర్టు పట్టుకుని భీమడోలు వెళ్తానంటే నేనే ఆపాను. నా రక్తపరీక్ష చూపించి పిల్లనడిగే ధైర్యం ఆయనకుంది గానీ నాకు లేదు.

చెయ్యి వణికితే తుపాకీనీ, తాగుడునీ అనుమానించేలోపు థైరాయిడ్ టెస్టు చేయించుకోండి. సూది గుచ్చేటప్పుడు అటు చూడకపోతే నొప్పి తెలియదు. సైనికుణ్ణి చెబుతున్నాను, నేను చూడలేదు.