ఆగీ ఆగని కంప్యూటర్

1999లో నేను బంజారాహిల్స్‌లోని ఒక చిన్న కంప్యూటర్ సర్వీసు సంస్థలో సిస్టమ్స్ ఇంజనీర్ని. మొరాయించిన కంప్యూటర్లను మళ్లీ దారిలో పెట్టడం మా పని. ఎక్కువగా ఆస్పత్రులు, ట్రావెల్ ఆఫీసులు పిలిచేవి. అక్కడి జబ్బులూ మామూలువే: వైరస్, చెడిపోయిన ఫ్లాపీ డ్రైవ్, దుమ్ము పట్టిన ఫ్యాను. అందుకే ఆ వానాకాలం ఫిల్మ్ నగర్ నుంచి వచ్చిన ఫోన్ నాకు ఇప్పటికీ గుర్తు. సినిమాలకు టైటిల్ కార్డులు తయారుచేసే స్టూడియో అది. యజమాని సత్యనారాయణ గారు గుడివాడ వైపు మనిషి. "మా కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ ఉందండీ. అది మాటిమాటికీ క్రాష్ అవుతోంది. మీకేమన్నా తెలుస్తుందా?" అని అడిగారు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆయన చెప్పేది వర్చువల్ మెషీన్ గురించి. అప్పటికి దాని గురించి పత్రికల్లో చదవడమే తప్ప, పనిచేస్తుండగా చూసినవాళ్లు మా ఆఫీసులో ఒక్కరూ లేరు. సాయంత్రం దాకా ఆగలేక వెంటనే స్కూటర్ తీశాను.

వర్చువల్ మెషీన్ అంటే అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటర్. దాని డిస్కు, మెమరీ అన్నీ బయటిది అరువిచ్చినవే. లోపలిదానికి మాత్రం ఆ సంగతి తెలియదు, తనే అసలు యంత్రాన్ననుకుంటుంది. బయటిదాన్ని హోస్ట్ అనీ, లోపలిదాన్ని గెస్ట్ అనీ అంటాం. ఈ స్టూడియోలో హోస్ట్ లైనక్స్. పక్క గదిలోని యానిమేషన్ వాళ్లకు ఫైళ్లు అందించేది అదే. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు కాబట్టి, యజమాని బంధువొకతను విండోస్‌ను గెస్ట్‌గా లోపల కూర్చోబెట్టి, ఆ తర్వాత ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి యాదగిరి. నలభై దాటినవాడు, టోలిచౌకిలో ఉంటాడు. అంతకుముందు చాలా ఏళ్లు సినిమా బ్యానర్ల మీద అక్షరాలు రాశాడు. బ్యానర్ పని తగ్గాక మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. నేను వెళ్లేసరికి ఒక హీరో పేరుకు తలకట్టు సరిచేస్తున్నాడు. మౌస్‌ను కుంచెలా మూడు వేళ్లతో పట్టుకున్నాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు నాకు ఏమీ అంతుపట్టలేదు. కంప్యూటర్ తాను చేసిన పనులన్నీ రాసుకునే ఫైలును లాగ్ అంటాం. అందులో తప్పు జరిగినట్టు ఒక్క మాటా లేదు. రాత అంతా సాఫీగా సాగి, ఒక చోట ఠక్కున తెగిపోతోంది, కరెంటు పోయినట్టు. నిజంగానే కరెంటు సమస్యేమోనని యూపీఎస్ మార్పించాను. మెమరీ చిప్పులు మార్చాను. యాదగిరిని ఎలా ఆపుతున్నారని అడిగితే, తాను ఎప్పుడూ షట్‌డౌన్ కొట్టి పద్ధతిగానే ఆపుతానని ఒట్టేసి చెప్పాడు. నమ్మాను. వారం తిరక్కుండానే మళ్లీ క్రాష్.

ఆ తర్వాత ఒక ఉదయం సత్యనారాయణ గారు ఫోన్ చేశారు. ఒక పెద్ద సినిమా టైటిల్స్ ఆ సాయంత్రానికి ల్యాబ్‌కు చేరాలి. విడుదల తేదీ పోస్టర్ల మీద పడిపోయింది. కంప్యూటర్ మాత్రం అసలు లేవడం లేదు.

నేను వెళ్లేసరికి నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు. డిస్కు తనంతట తాను బాగుపడలేనంతగా దెబ్బతింది, మనిషే కూర్చుని బాగుచేయాలని వాటి సారాంశం. గెస్ట్ మొత్తం, అంటే విండోసూ అక్షరాల సాఫ్ట్‌వేరూ ఈ సినిమా టైటిల్సూ అన్నీ కలిపి, హోస్ట్ డిస్కులో ఒకే ఒక్క పెద్ద ఫైలు. ఆ ఫైలు పోతే అన్నీ పోయినట్టే. ముందు డిస్కు మొత్తాన్ని నేను తెచ్చిన ఖాళీ డిస్కులోకి కాపీ చేశాను. అది నిదానంగా జరుగుతుంటే సత్యనారాయణ గారు గుమ్మం దాకా వెళ్లడం, మళ్లీ రావడం. యాదగిరి గోడకానుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత రిపేరు ప్రోగ్రాం నడిపాను. తెగిపోయిన ముక్కలు ఒక్కొక్కటీ చూపించి, అతికించమంటావా అని అది అడుగుతుంది. నేను ఔనంటూ పోయాను. నిజం చెప్పాలంటే నాకు భయంకన్నా ఉత్సాహమే ఎక్కువ. చివరికి లైనక్స్ లేచింది. దాని లోపల విండోస్ కళ్లు తెరిచింది. యాదగిరి ఒక్క అంగలో కుర్చీలోకి వచ్చి ఫైళ్లు తెరవడం మొదలుపెట్టాడు. హీరో పేరు, హీరోయిన్ పేరు, సంగీతం, నిర్మాత, అన్నీ ఉన్నాయి. ఒక్క ఛాయాగ్రహణం కార్డు మాత్రం తెరుచుకోలేదు. "దాన్ని మళ్లీ రాస్త" అని, భోజనానికి కూడా లేవకుండా రాశాడు. సాయంత్రం కాకముందే టైటిల్స్ ల్యాబ్‌కు వెళ్లాయి.

అప్పటిదాకా బిగబట్టుకున్న కోపం సత్యనారాయణ గారికి అప్పుడు బయటపడింది. యాదగిరి వింటుండగానే నాతో అన్నారు: "కుంచె పట్టడం వేరు, కంప్యూటర్ పట్టడం వేరండీ. రేపట్నుంచి ఇంకొకర్ని పెట్టుకుంటాను."

యాదగిరి తల దించుకుని తన సంచి సర్దుకుంటున్నాడు. నాకు ఎందుకో అది సరికాదనిపించింది. మళ్లీ లాగ్ తెరిచాను. అది తెగిన చోట్లన్నీ సాయంత్రాలే, పని ముగిసే వేళలే. పగలంతా గానుగెద్దులా పనిచేసే యంత్రం ఒక్కసారి కూడా పని మధ్యలో పడిపోలేదు. ఇంటికి వెళ్లే వేళలోనే పడిపోతోంది.

"యాదగిరి గారూ, ఇంటికెళ్లేటప్పుడు రోజూ ఏం చేస్తారో అదే నా ముందు చేయండి. ఏదీ వదలొద్దు" అన్నాను.

అతను కూర్చుని ఫైళ్లు భద్రం చేశాడు. ప్రోగ్రాం మూశాడు. షట్‌డౌన్ కొట్టాడు. కాసేపటికి విండోస్ తన మామూలు మాట చూపించింది: ఇక మీ కంప్యూటర్‌ను నిర్భయంగా ఆపుకోవచ్చు. అది చదివి, యాదగిరి బల్ల కిందికి వంగి అసలు కంప్యూటర్ స్విచ్ మీద వేలు పెట్టాడు. నేను గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాను.

"ఏమైంది మేడం? బంద్ చెయ్యమని అదే చెప్తుంది కదా."

"ఏది చెప్తోంది?"

"కంప్యూటర్."

"ఏ కంప్యూటర్?"

అతను నన్ను వింతగా చూశాడు. "ఉన్నది గిదొక్కటే కదా మేడం."

నేను రెండు మూడు కీలు కలిపి నొక్కాను. స్క్రీన్ నిండా పరుచుకున్న విండోస్ చిన్న కిటికీలా ముడుచుకుంది. దాని వెనకాల లైనక్స్ బయటపడింది. అది ఇంకా పనిలోనే ఉంది. పక్క గదికి ఫైళ్లు పంపుతోంది, వాళ్లవి రాసుకుంటోంది. ఆపుకోవచ్చన్నది లోపలి కంప్యూటర్, తన గురించి మాత్రమే. యాదగిరి ఆ మాట విని బయటిదాన్ని పీక నొక్కినట్టు ఆపేసేవాడు. ఆ క్షణంలో పక్క గది వాళ్లు ఏమీ రాయకపోతే బతికిపోయేది, రాస్తుంటే డిస్కులో రాత చెదిరిపోయేది, మర్నాడు దాన్నే అందరూ క్రాష్ అనుకునేవాళ్లు. అతను తికమకపడకూడదని, పొద్దున స్విచ్ వేస్తే విండోస్ ఒక్కటే తెర నిండా కనిపించేలా ఆ బంధువు అమర్చి వెళ్లాడట.

యాదగిరి ఆ రెండు తెరలనూ మార్చి మార్చి చూశాడు. "ఎనక ఇంకోటుందని నాకెవ్వరు చెప్పలే మేడం" అన్నాడు.

సత్యనారాయణ గారు బయటికి వెళ్లి రెండు టీలు తెచ్చారు. మొదటిది యాదగిరి ముందు పెట్టారు, రెండోది నాకిచ్చారు. తనకు తెచ్చుకోవడం మరిచిపోయారు.

మర్నాడు నేను ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ఒక్క బొమ్మ మీద నొక్కితే ముందు గెస్ట్, తర్వాత హోస్ట్ వరసగా ఆగిపోతాయి. యాదగిరి తన వంతు తాను చేశాడు. లైనక్స్ తెర మీద, ఎర్రటి అక్షరాలకు పసుప్పచ్చ అంచు పెట్టి, హీరో పేరు రాసినంత దర్జాగా రాశాడు: "ఇది బయటి కంప్యూటర్. దీన్ని కూడా ఆపాలె." ఆ యంత్రం ఆ తర్వాత క్రాష్ కాలేదు.

ఈ కేసులో నాకు యాదగిరి అబద్ధం చెప్పలేదు, అతనికి విండోస్ అబద్ధం చెప్పలేదు. ఎవరికి కనిపించినంత మేరకు వాళ్లు నిజమే చెప్పారు. నేనూ అతనూ కంప్యూటర్ అన్న ఒకే మాటతో రెండు వేరు వేరు వస్తువుల గురించి మాట్లాడుకుంటున్నామని మాత్రం ఇద్దరికీ తెలియలేదు. ఆ తర్వాత ఏ ఆఫీసుకు వెళ్లినా, ఏం చేశారని అడగడం మానేశాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను, చేసి చూపించమంటాను. నోరు మూసుకుని చూస్తాను.