బైల్ మహారాజు

1944 ఏప్రిల్‌లో మూడో శుక్రవారం, పగలు పది గంటల ఇరవై నిమిషాలకు, హుజూర్‌నగర్‌లో మా మేనమామ రాజరికం పోయింది. (మా నాన్న, బాపు, జేబు గడియారంలో అప్పటికి పదీ పదహారే. అది నాలుగు నిమిషాలు వెనక నడిచేది.) ఆ రోజుల్లో నాటకం ఆడాలంటే ముందు దాన్ని ఉర్దూలో రాసి, పోలీసు అమీన్ సాహెబుకు చూపించి, అనుమతి తెచ్చుకోవాలి. మా ఇంట్లో అమ్మ దగ్గర తెలుగు, బడిలో ఉర్దూ నేర్చింది నేనొక్కదాన్నే కనుక ఆ పని పదకొండేళ్ల నా మీద పడింది. మామది మహారాజు వేషం. జన్మలో మొదటి వేషం. దానికోసం నాలుగు నెలలుగా ఆముదం రాసి మీసం పెంచుతున్నాడు.

మహారాజు నూట పన్నెండు సార్లు మాట్లాడతాడు. ప్రతిసారీ పక్కన ఆయన పేరు అయిదు బిరుదులతో రాయాలి. అంటే అయిదు వందల అరవై బిరుదులు. ఇరవయ్యో సారికే నా వేళ్లు లాగాయి. మామ పద్యం మరిచిపోయినప్పుడల్లా కళ్లు సగం మూసి దవడలు ఆడించేవాడు, అచ్చం మా కొట్టంలో పెద్దెద్దులాగా. అంతే, రాసినవి కూడా కొట్టేసి 'బైల్' అని పెట్టాను, ఉర్దూలో ఎద్దు. ఒక్కడికే పెడితే పక్షపాతమని గడ్డం ఊపే మునిని మేకను చేశాను, ఓరచూపుల మంత్రిని నక్కను, నడుము తిప్పుకుంటూ వచ్చే రాణిని (ఆ వేషం మా దర్జీది) బాతును. పక్కనున్న పేర్లు ఎవరు చదువుతారులే అనుకున్నాను.

ఠాణాలో మామనూ నన్నూ ఎదురుగా నిలబెట్టి, అమీన్ సాహెబు పేర్లే గట్టిగా చదివాడు.

"తఖ్తు మీద, సింహాసనం మీద ఎద్దా? గీ ఎద్దెవరు? సర్కారునా అనేది?"

మామ చేతులు జోడించాడు. "నాకెర్క లేదు సాబ్. నేను రాజును సాబ్."

"రాజేడున్నడు ఇండ్ల? ఎద్దే ఉన్నది!"

నేను ముందుకు పోయి, "సర్కారు కాదు సాబ్, మా మామ. పద్యం యాది మరిస్తే గిట్ల నెమరేస్తడు" అని దవడలు ఆడించి చూపించాను. సాహెబు మామ వైపు చూశాడు. అంత గండంలోనూ మామ నెమరేస్తూనే ఉన్నాడు. సాహెబు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వాకిట్లో చేరిన జనానికి అడ్డం పెట్టుకోవడానికి రుమాళ్లు లేవు.

"మళ్ల మంచిగ రాసిస్త సాబ్" అన్నాను.

"ఇప్పుడు రాస్తే ఏమొస్తది? అందరు విన్నరు. రేపు ఈయన కిరీటం పెట్టుకుంటే 'ఎద్దొచ్చె' అంటరు. సర్కారునే అన్నరని పైకి పోతే నా కొలువు పోతది. ఆట ఆడుకోండ్రి, రాజు మాత్రం వద్దు."

రాజు లేకుండానే ఆడారు. "మహారాజు వేటకు వెళ్లినారు" అని మంత్రి ఏడుసార్లు చెప్పాడు. మామ తెర తాడు పట్టుకుని నిలబడి, తన పద్యం రావలసిన చోటల్లా పెదవులు కదిపాడు. ఆ రోజు ఒక్కటీ మరిచిపోలేదు.

ఇంటికొచ్చాక ఒక్కటే అడిగాడు: "నన్ను ఎద్దంటివి, మంచిదే బిడ్డా. దర్జీని బాతెందుకంటివే? నా అంగీ కుట్టనంటుండు."

మామ మళ్లీ ఏ వేషమూ కట్టలేదు. పోయినవి: రాజు మాటలు నూట పన్నెండు, అందులో పద్యాలు ఇరవై మూడు. నాలుగు నెలల మీసం ఒకటి. కుట్టని అంగీ ఒకటి. బిరుదులు రాయనందుకు నాకు మిగిలినవి రెండు పూటలు. ఆ రెండు పూటలు ఏం చేశానో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.